ఆరు సెంట్ల పెరట్లో ఏ మొక్క పక్కన ఏ మొక్క? ఫోన్లో తిరిగే పట్టికలు మన నేలకి పనికొస్తాయా?

పెరటిగుమ్మం
అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక 6 సెంట్లు. నాలుగు కొబ్బరి చెట్లున్నాయి, 40 ఏళ్ల పైమాటే. నూతి పక్కన రెండు కర్పూర చక్కెరకేళి గుబుర్లు, దక్షిణం వైపు దడి. పైన గరప నేల, రెండడుగులు తవ్వితే జిగురుమట్టి. వానలు పట్టాక నీళ్ళు దిగవు.

ఫోన్లో తోడు మొక్కల పట్టికలు తెగ వస్తున్నాయి. టమాటా పక్కన తులసి, క్యారెట్ పక్కన ఉల్లి, మొక్కజొన్న మీదకి చిక్కుడు, కింద గుమ్మడి. ఆ లెక్కన వేస్తే అరటి కింద దోస ఆకులు ముడుచుకుని మచ్చలు పడ్డాయి. నెల తిరక్కుండా అరటాకుల మీదా పసుపు చారలు. వంగ నిలువునా వాడిపోయింది. రోహిణి కార్తె వచ్చేస్తోంది. ఈసారి ఏది దేని పక్కన వెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

లంకమట్టి
వంగ ఆకు పచ్చగా ఉండగానే వాడిందా, పసుపెక్కి వాడిందా? పీకి వేళ్ళు చూశారా, బుడిపెలు ఉన్నాయా?

గౌతమి_గట్టు
వంగ సంగతి లంకమట్టి గారు చూస్తారు, నేను అరటి సంగతి చెప్తాను. అరటి కింద దోస వెయ్యడమే తప్పయింది. దోస మొజాయిక్ అనే వైరస్ ఉంది. దోస, గుమ్మడి, బీర, ఆనప లాంటి పాదులన్నిటికీ వస్తుంది. అదే వైరస్ అరటికీ పడుతుంది. మోసుకొచ్చేది పేనుబంక. దోసాకు మీద ఒక్క గుటక వేసి అరటాకు మీద వాలితే చాలు, క్షణాల్లో అంటించేస్తుంది. అందుకే మందు కొట్టినా ఆగదు, మందు తగిలి పురుగు చచ్చేలోపే పని అయిపోతుంది. అరటిలో అంతరపంటగా పాదులు వెయ్యొద్దని ఉద్యానశాఖ వాళ్ళు చెప్పేది ఇందుకే. టమాటా, వంగ కూడా అరటికి దూరంగానే ఉండాలి.

చారలు పడ్డ గుబురు ఇక బాగవదు. దాని పిలక తీసి ఇంకోచోట పాతితే రోగాన్నీ పాతినట్టే. దుంపతో సహా తవ్వి తీసెయ్యండి. కింద వెన్నవెదురు కలుపు ఉంటే అదీ పీకండి, వైరస్ అందులో కూడా దాక్కుంటుంది.

దడిమీద_దొండ
మరి అరటి కింద ఏం వెయ్యాలండీ, ఖాళీగా వదిలెయ్యాలా?

గౌతమి_గట్టు
ఖాళీ ఎందుకు? మొదటి మూణ్ణెల్లు తోటకూర, మెంతి, కొత్తిమీర, పెసర. నీడ పడ్డాక పసుపు. పిలకల్లో తల్లి చెట్టుకి తోడు ఒక్క కత్తి పిలకనే ఉంచి మిగతావి నేలమట్టానికి కోసేస్తే కింద వెలుతురు ఉంటుంది. ఆకు వెడల్పుగా ఉన్న నీటి పిలకల్ని అసలు ఉంచొద్దు.

పెరటిగుమ్మం
లంకమట్టి గారూ, ఆకు పచ్చగానే ఉంది. పొద్దున్న బాగుండి మధ్యాహ్నానికి వేలాడిపోయింది, మూడు నాలుగు రోజుల్లో అయిపోయింది. వేళ్ళకి బుడిపెల్లేవు.

లంకమట్టి
అయితే బాక్టీరియా ఎండు తెగులు అనుకోవాలి. రూఢి చేసుకోవడం తేలికే. వాడిన మొక్క మొదట్లో జానెడు కాండం కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన చివర నీళ్ళని తాకేలా వేలాడదీయండి. కదపొద్దు. కొద్ది నిమిషాల్లో కోత నుంచి తెల్లటి పాలదారం లాంటిది కిందికి జారితే అదే. ఏమీ జారకపోతే శిలీంద్రమో వేరుకుళ్ళో.

ఇది తేలాక ఆ మడిలో వంగ, టమాటా, మిరప వెయ్యొద్దు. చాలామంది మర్చిపోయేది అల్లం. వంగ ఎండిన మడిలో అల్లం పెడితే అదే బాక్టీరియా అల్లాన్నీ పడుతుంది. కొన్నాళ్ళపాటు అక్కడ తోటకూర, మొక్కజొన్న, బొబ్బర్లు తిప్పండి. నీళ్ళు ఆ మడి నుంచి పక్క మడికి పారకూడదు. పార, బొరిగ కడిగాకే ఇంకో మడిలో దింపండి.

వంగే కావాలంటే ఉస్తికాయ మొక్క మీద అంటు కట్టిన వంగ తీసుకోండి. ఉస్తి వేరు ఈ తెగుల్ని తట్టుకుంటుంది, వేళ్ళకి బుడిపెలు పుట్టించే నులిపురుగునీ తట్టుకుంటుంది. కడియం నర్సరీల్లో అడిగి చూడండి. నాటేటప్పుడు అంటు కట్టిన ముడి మట్టిలోకి పోకూడదు, పోతే పై వంగ వేళ్ళేసి మళ్ళీ మొదటికొస్తుంది.

బంతిపూలమడి
వంగ చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెడితే ఇవన్నీ రావు కదా?

లంకమట్టి
ఎండు తెగులికీ బంతికీ సంబంధం లేదు. బంతి పనిచేసేది నులిపురుగుల మీద. అదీ నాలుగు మొక్కలు పెడితే కాదు. మడి నిండా ఒత్తుగా, రెండు మూడు నెలలు బంతే ఉండాలి. దాని వేళ్ళలో ఉండే పదార్థం నులిపురుగుని చంపుతుంది. పూలు కోసుకుని, మొక్కని నరికి అదే మడిలో కలిపేసి, అప్పుడు వంగ నాటాలి. చిన్న పూల బంతి ఈ పనికి మేలు.

పాదుపందిరి
బంతి పక్కన ఉన్నా పనికొచ్చే చోటు ఒకటుంది, టమాటా. కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు బంతి మొగ్గ మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అయితే టమాటా పూతకొచ్చే వేళకి బంతి కూడా పూస్తూ ఉండాలి. అందుకే 45 రోజుల బంతి నారునీ 25 రోజుల టమాటా నారునీ ఒకే రోజు నాటమంటారు. పొలంలో 16 సాళ్ళ టమాటాకి ఒక సాలు బంతి. పెరట్లో మడికి ఒక పక్క చాలు. మొగ్గల్లో పురుగు కనిపిస్తే కోసి పారెయ్యాలి. వదిలేస్తే మనమే పురుగుని పెంచి టమాటా మీదికి తోలినట్టు.

బంతిపూలమడి
ఇది తెలీదు. రెంటినీ ఒకే రోజు నారు పోసేదాన్ని. ఈసారి మూడు వారాల ముందు బంతి పోస్తాను.

మురుగుబోదె
ఏది దేని పక్కన అని అందరూ మాట్లాడుతున్నారు. డెల్టాలో ముందు అడగాల్సింది నీళ్ళు ఎటు పోతాయి అని. పెరటిగుమ్మం గారు మొదట్లోనే చెప్పారు, వానలు పట్టాక నీళ్ళు దిగవని. ధవళేశ్వరం నుంచి జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలారంటే చేల నిండా నీళ్ళే, నూతిలో మట్టం పైకొచ్చేస్తుంది. అప్పుడు ఎంత మంచి జతైనా వేరుకి గాలాడక చస్తుంది.

పని ఇలా చెయ్యండి. మడి వెడల్పు 4 అడుగులు, రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి. మడికీ మడికీ మధ్య ఒకటిన్నర అడుగు బోదె. బోదెలో తవ్విన పైమట్టే మడి మీద వెయ్యాలి, అడుగు ఎత్తు లేవాలి. లోపలి జిగురు పైకి రాకూడదు, వస్తే ఎండాక పెంకులా బిగుస్తుంది. మడి అడుగున నరికిన ఎండు కొబ్బరి మట్టలు, అరటి బోదె ముక్కలు, ఆ పైన పశువుల ఎరువు, ఆ పైన మట్టి. మొదటి వానలకి కుంగుతుంది, కాబట్టి ఇంకో నాలుగంగుళాలు కలుపుకుని ఎత్తు పెట్టండి. బోదెలన్నీ పల్లం వైపు ఒక మూలకి చేరాలి. ఆ మూల చేమ పెట్టండి, నీళ్ళల్లో హాయిగా ఉంటుంది.

మునగ, బొప్పాయి, కరివేపాకు మాత్రం ఇంకా ఎత్తు మీద ఉండాలి, రెండడుగుల దిబ్బ పోసి నాటండి. బొప్పాయి మొదలు దగ్గర రెండు రోజులు నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది.

ఉప్పుగాలి
సఖినేటిపల్లి వైపు మాకు ఇంకో తలనొప్పి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఎవరో జిప్సం చల్లమన్నారు, చల్లొచ్చా?

మురుగుబోదె
ముందు ఏ చౌడో తెలియాలి. ఎండాక పైన తెల్లగా ఉప్పు పేరితే పాలచౌడు. దానికి జిప్సం మందు కాదు, మంచినీళ్ళతో కడగడమే మందు. వానాకాలంలో మడి గట్లు వేసి వాననీళ్ళు లోపలికి ఇంకనిచ్చి, బోదెలోంచి బయటికి పంపాలి. నల్లగా జిడ్డుగా బిగుసుకుపోయేది కారుచౌడు. జిప్సం దానికి. మట్టి పరీక్ష చేయించి మోతాదు తీసుకోండి.

ఉప్పుకి ఓర్చుకునేవి పాలకూర, తోటకూర, బీట్‌రూట్, కొబ్బరి ఎలాగూ. ఓర్చుకోలేనివి ఉల్లి, క్యారెట్, ముల్లంగి, బీన్స్. క్యారెట్ పక్కన ఉల్లి అన్న పట్టిక మీ ఊళ్ళో ఆ రెంటికీ గండమే.

ఉప్పుగాలి
ధన్యవాదాలండీ. మాది పాలచౌడే, తెల్లగా పేరుతుంది. జిప్సం బస్తా వెనక్కి ఇచ్చేస్తాను.

కొబ్బరినీడ
నాలుగు కొబ్బరి చెట్లు 40 ఏళ్లవి అన్నారు, అది మీ అదృష్టం. 8 నుంచి 25 ఏళ్ల మధ్య చెట్టు కింద వెలుతురు బాగా తక్కువ. ఆ తర్వాత చెట్టు పైకి పోయి ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. చెట్టు మొదలు నుంచి 6 అడుగుల లోపల ఏదీ నాటొద్దు. కొబ్బరి తిండి తినే వేళ్ళు ఎక్కువగా ఆ చుట్టులోనే ఉంటాయి, గునపం దిగితే తెగుతాయి. పైగా మట్టలూ కాయలూ పడేది అక్కడే.

ఆ 6 అడుగులు దాటాక కంద, పసుపు, పెండలం. టమాటా, బెండ, మిరప మాత్రం కొబ్బరి నీడలో పెట్టకండి, పొడుగు సాగి పూత రాలుస్తాయి.

కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ సంగతి అందరికీ తెలిసిందే, 2016 నుంచి పడుతున్నాం. అది అరటి మీదా జామ మీదా కూడా ఉంటుంది. అందుకని కొబ్బరి పక్కన జామ, దాని పక్కన అరటి అని వరస పెట్టకండి. ఆకు నల్లబడితే లీటరు నీళ్ళకి 10 గ్రాముల పిండితో గంజి కాచి చల్లార్చి కొడితే మసి పెచ్చులుగా ఊడుతుంది. పురుగుమందు కొట్టొద్దు. దోమ పిల్లలో గుడ్డు పెట్టే చిన్న కందిరీగ, ఎన్‌కార్సియా అంటారు, అది చచ్చిపోతే దోమ రెట్టింపవుతుంది. అంబాజీపేట పరిశోధనా స్థానంలో అడిగితే జీవ నియంత్రణ సంగతులు చెప్తారు.

దడిమీద_దొండ
కంద అన్నారు కాబట్టి, దడి మీద బచ్చలి పాకించమని నా మాట. పెళ్ళి భోజనంలో ఆ రెండూ ఎలాగూ కలిసే ఉంటాయి, పెరట్లోనే ముందు పరిచయం చేసేద్దాం.

పాదుపందిరి
😄 మాఘమాసం ముహూర్తాలకి కంద తవ్వకానికి వస్తుంది కూడా.

కొబ్బరినీడ
లెక్క నిజంగానే సరిపోతుంది. కంద 8, 9 నెలల పంట. ఇప్పుడు పెడితే జనవరి, ఫిబ్రవరిలో ఆకు పసుపెక్కి వాలిపోతుంది, అప్పుడు తవ్వాలి. గజేంద్ర రకం తీసుకోండి, కొవ్వూరు పరిశోధనా స్థానంలో వచ్చిందే, దురద ఉండదు. ముక్క అరకిలో నుంచి ముప్పావు కిలో. ప్రతి ముక్కలోనూ నడిమి మొగ్గ భాగం కొంచెమైనా ఉండాలి, లేకపోతే మొలక బాగా ఆలస్యం. కోసిన వైపు పేడ నీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి, మొగ్గ పైకి పెట్టి పాతాలి. మొక్కకీ మొక్కకీ 3 అడుగులు.

కంద బయటికి రావడానికే నెల, నెలన్నర. గొడుగు విప్పడానికి ఇంకో నెల. ఆ ఖాళీలో మధ్యన తోటకూర రెండు పంటలు తీసుకోవచ్చు. తోటకూర విత్తనం సన్నం కాబట్టి పది రెట్లు ఇసుకతో కలిపి చల్లండి. 25, 30 రోజులకి వేళ్ళతో సహా పీకెయ్యాలి, ముదరనివ్వొద్దు.

కందకి వచ్చే చిక్కు మొదలు కుళ్ళు. నేల మట్టం దగ్గర కాడ మెత్తబడి, తెల్ల బూజు, ఆవగింజల్లాంటి గుళికలు కనిపిస్తాయి. నీరు నిలిచినా, కలుపు తీసేటప్పుడు కాడకి బొరిగ తగిలినా వస్తుంది. ముందే 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (మేలుచేసే శిలీంద్రం), 9 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి, నీళ్ళు చిలకరించి, గోనె కప్పి నీడన వారం పది రోజులు ఉంచి గుంటల్లో వేసుకోండి.

దడిమీద_దొండ
బచ్చలి నేను చెప్తా. అడుగు పొడవు ముదురు కాడ, రెండు కణుపులు మట్టిలోకి, అడుగున్నర ఎడం. నీళ్ళు మొదట్లో పొయ్యండి, ఆకు మీద పోస్తే ఎర్ర అంచు మచ్చలు పడతాయి. కొసలు కోస్తూ ఉంటేనే పక్క కొమ్మలొస్తాయి.

చేనుగట్టు
మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడూ కలిపి వెయ్యడం గొప్ప పద్ధతి కదా, ఎవరూ దాని ఊసెత్తరేం?

పాదుపందిరి
పద్ధతి గొప్పదే, అమెరికా ఆదివాసులది. వాళ్ళ చిక్కుడు వేరు, మన పాదు చిక్కుడు వేరు. మనది పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఎప్పుడు నాటినా కాపు శీతాకాలానికే. మొక్కజొన్న 90 రోజుల్లో అయిపోతుంది. అంటే చిక్కుడు పూసే నాటికి మొక్కజొన్న ఎండుకర్ర. పైగా మన చిక్కుడు బరువుకి అది నేలకి ఒరుగుతుంది, అక్టోబరు, నవంబరు తుపాను గాలికి మొత్తం పడిపోతుంది.

మొక్కజొన్నకి జత కావాలంటే బొబ్బర్లు. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చాక, అంటే మూడు వారాలకి, దాని మొదలు దగ్గర రెండేసి గింజలు. ఇంకోటి, మొక్కజొన్న ఒకే వరస వేస్తే గింజ పట్టదు. పుప్పొడి గాలికి పడాలి కాబట్టి కనీసం నాలుగు వరసలు, వరసకి నాలుగు మొక్కలు చదరంగా వెయ్యండి. గుమ్మడి అవతల దిబ్బ మీద పాకనివ్వండి. పాదు చిక్కుడుకి మునగ చెట్టో, గట్టి దడో ఇవ్వండి.

చేనుగట్టు
చిక్కుడు ఏడాది పొడుగునా ఆకులేసి పూత రాదని వాపోయేవాళ్ళు ఎంతమందో, ఇదన్నమాట కారణం. సరే ఒప్పుకున్నా. బొబ్బర్లు పక్కనుంటే మొక్కజొన్నకి నత్రజని కూడా అందుతుంది కదా.

లంకమట్టి
ఆ పంటలోనే అందేది చాలా తక్కువ. బొబ్బర్లయినా పెసరయినా వేరు బుడిపెల్లో పట్టిన నత్రజని ముందు తనకే వాడుకుంటుంది. పక్కవాళ్ళకి అందేది ఆకూ వేరూ నేలలో కుళ్ళాకే. కాయలు కోశాక మొక్కని వేళ్ళతో సహా పీకి అవతల పారేస్తే లాభం సగం పోయినట్టే. మొదలు కోసి వేరు మట్టిలో వదిలి, ఆకు అదే మడిలో కలిపితే తర్వాతి పంటకి బలం. బుడిపె చిదిమి చూడండి, లోపల ఎర్రగా ఉంటే పనిచేస్తోంది, తెల్లగా ఉంటే లేదు.

బొబ్బర్లతో ఇంకో లాభం, దాని మీద పేనుబంక చేరుతుంది, దాన్ని తినడానికి అక్షింతల పురుగులొస్తాయి. అవి పక్క మడులూ తిరుగుతాయి.

బంతిపూలమడి
అక్షింతల పురుగు వంగ ఆకు జల్లెడ చేసేస్తుందండీ! అది మంచిదంటారేం?

లంకమట్టి
మంచి ప్రశ్న. రెంటినీ అక్షింతల పురుగే అంటారు, అందుకే ఈ గందరగోళం. వంగని తినేది ఎపిలాక్నా. మెరుపు లేకుండా సన్నటి నూగుతో ఉంటుంది, వీపు మీద చుక్కలు చాలా ఎక్కువ. దాని పిల్ల పసుపు రంగులో ముళ్ళతో ఉండి ఆకు పచ్చదనం గీకుతుంది. మేలు చేసేది నున్నగా మెరుస్తుంది, చుక్కలు తక్కువ, పిల్ల నల్లగా పొడుగ్గా చిన్న మొసలిలా ఉంటుంది. వంగ ఆకు అడుగున నిలబెట్టిన పసుపు గుడ్ల గుత్తి కనిపిస్తే, చుట్టూ పేనుబంక లేకపోతే, చిదిమెయ్యండి.

పాదుపందిరి
పందిరి గురించి నాలుగు మాటలు. పెరటికి ఉత్తరం వైపు వెయ్యండి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిగతా కాలమంతా నీడ ఉత్తరానికే పడుతుంది, కాబట్టి శీతాకాలం కూరగాయలకి పందిరి అడ్డు రాదు. సరుగుడు గుంజలు, రెండడుగులు భూమిలోకి, ఆరడుగులు పైకి. అడ్డం జీఐ తీగ, మధ్యన కొబ్బరి తాడు. 10 అడుగుల చదరానికి ఆనప రెండు మొదళ్ళు, లేదా బీర నాలుగు. ఆనపా బీరా ఒకే పందిరికెక్కించకండి, ఆనప కప్పేస్తుంది. పొట్ల పిందె చివర చిన్న రాయి కట్టడం మామూలే. పందిరి కింద అల్లం, ఎండాకాలం కొత్తిమీర.

పండు ఈగకి ఎర పెట్టేటప్పుడు అడిగి తీసుకోండి. మామిడి, జామ ఈగకి మిథైల్ యూజినాల్. పాదుల ఈగకి క్యూలూర్. చాలామంది మామిడి ఎర తెచ్చి బీర పందిరికి కట్టి, ఈగ పడలేదంటారు. తులసి వాసనకి వచ్చేది కూడా మామిడి ఈగే, పాదులకి తులసి రక్షణ కాదు. పుచ్చిన కాయలు పెంటపోగులో వెయ్యకండి, పిల్లపురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై లేస్తుంది. మూత బిగిసే కవర్లో కట్టి రెండు వారాలు ఎండలో పడెయ్యండి.

పెరటిగుమ్మం
అందరివీ కాగితం మీద పెట్టి గీశాను. ఉత్తరం పందిరి: ఒక సగం ఆనప, రెండో సగం బీర, కింద అల్లం (వంగ వేసింది తూర్పు మడి, ఇక్కడ కాదు). కొబ్బరి మధ్యన కంద, తోటకూర. దక్షిణం దడికి బచ్చలి. తూర్పు మడిలో మొక్కజొన్న నాలుగు వరసలు, బొబ్బర్లు. పడమర మడి నిండా బంతి, తర్వాత శీతాకాలం టమాటా. పల్లం మూల చేమ. చారల అరటి తీసేశాను. పందిరి పక్కన ఎత్తు దిబ్బ మీద రెండు బొప్పాయిలు. ఏమన్నా తప్పుందా?

గౌతమి_గట్టు
అన్నీ బాగున్నాయి, బొప్పాయి ఒక్కటే. బొప్పాయికి ఉంగరపు మచ్చల వైరస్ వస్తుంది, అది పాదుల మీదా బతుకుతుంది, దాన్నీ పేనుబంకే మోస్తుంది. ఆనప పందిరి పక్కన బొప్పాయి అంటే అరటి కింద దోస కథే మళ్ళీ. దిబ్బని నైరుతి మూల పొయ్యండి, నడుమ కంద అడ్డుగా ఉంటుంది. అరటి తీసిన గుంటలో వెంటనే అరటి పెట్టకండి, మిగిలిన దుంప ముక్కల నుంచి పిలకలొస్తే ఎప్పటికప్పుడు పీకండి.

పెరటిగుమ్మం
నైరుతికి మార్చాను. గుంటలో పొద్దున్నే ఒక పిలక తలెత్తింది, ఇప్పుడే దుంపతో పీకేశా. మడి కట్టడం రేపు మొదలు. కంద ముక్కలు నీడన ఎన్నాళ్ళు ఆరాలి?

కొబ్బరినీడ
ఒక రోజు చాలు. కోసిన వైపు చేత్తో ముట్టుకుంటే తడి అంటకూడదు.